లీలండ్ పేరు పక్కన గుర్తు

ఉడుకుతున్న కోడిగుడ్లు గిన్నెలో ఒకదాన్నొకటి ఢీకొట్టుకుంటున్న చప్పుడు కూడా ఆ శనివారం పొద్దున లినెట్‌కి ముచ్చటగానే ఉంది. పెళ్ళయి ఇంకా రెండు నెలలు కాలేదు. అత్తగారింటి వంటగదిలో ఏ చెంచా ఏ సొరుగులో ఉంటుందో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. లోపల పెప్పరోనీ మాంసం ముక్కలు పెట్టి కాల్చిన రొట్టెలు ఈసారి తనే స్వయంగా చేసింది. వెస్ట్ వర్జీనియాలో ఆ రొట్టె లేకుండా ఎవరూ కారెక్కరని భర్త గారెట్ ముందురోజే చెప్పాడు.

"ఒకటి తిని చూడు. నిజం చెప్పాలి" అంది అతని నోటి దగ్గర రొట్టె పెట్టి.

గారెట్ కళ్ళు మూసుకుని గంభీరంగా నమిలాడు. "ఒహాయో నుంచొచ్చిన పిల్ల చేసిందంటే ఎవరూ నమ్మరు."

"అంటే బాగుందనా, బాలేదనా?"

"రెండోది కూడా ఇస్తే ఆలోచించి చెప్తా."

బల్ల దగ్గర కూర్చున్న గారెట్ అమ్మమ్మ ఓపల్ నవ్వింది. ఎనభై అయిదేళ్ళ మనిషి. తెల్లవారకముందే లేచి నీలం టోపీ పెట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని తయారుగా కూర్చుంది. ప్రతి ఏడూ మే నెలాఖరున, చనిపోయిన సైనికుల్ని తలుచుకునే సెలవు రోజుల్లో, ఆవిడ వాషింగ్టన్ వెళ్ళి తీరాలి. అక్కడ వియత్నాం యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన నల్లరాతి గోడ ఉంది. ఆ గోడ మీద ఆవిడ కొడుకు లీలండ్ పేరు ఉంది.

"వాడు పోలేదు పిల్లా, కనపడకుండా పోయాడు. అంతే" అని ఓపల్ పెళ్ళయిన మొదటి వారంలోనే లినెట్‌కి చెప్పింది. ఇరవై రెండేళ్ళ వయసులో లీలండ్ ఎక్కిన హెలికాప్టర్ లావోస్ కొండల మీద మబ్బుల్లోకి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు. అప్పటికీ ఇప్పటికీ ముప్పై అయిదేళ్ళు. "గోడ మీద చచ్చిపోయినవాళ్ళ పేరు పక్కన డైమండ్ గుర్తు ఉంటుంది. మావాడి పక్కన కూడిక గుర్తు ఉంది. ఆచూకీ తెలియదని. మనిషి ప్రాణాలతో తిరిగొస్తే ఆ కూడిక చుట్టూ సున్నా చుడతారు."

"ఎవరికైనా చుట్టారా అమ్మమ్మా?"

"ఇప్పటిదాకా లేదు" అంది ఓపల్ తేలిగ్గా. మొదటిది తన కొడుకుదే అవుతుందన్నట్టు.

ఆ మాట లినెట్‌కి ఎంత నచ్చిందో చెప్పలేం. ఒక తల్లి సున్నా కోసం ఎదురుచూడటం! రాత్రి గారెట్‌కి చెప్పి కళ్ళు తుడుచుకుంది కూడా.

ఓపల్ కూతురు, అత్తగారు డోరీన్ మాత్రం పొద్దుటి నుంచీ ఒకే గిన్నెను తోముతోంది. బడిలో పిల్లలకి వంట చేసే మనిషి, మామూలుగా చేతులు చకచకా నడుస్తాయి. ఇవాళ కుళాయి పారుతూనే ఉంది, గిన్నె తిరుగుతూనే ఉంది.

"అమ్మా, ఈసారి గోడొక్కటే కాకుండా అన్నీ చూద్దాం" అంది వెనక్కి తిరగకుండానే. "లినెట్ ఎప్పుడూ చూడలేదుగా. లింకన్ మందిరం, జెఫర్సన్ మందిరం, వాషింగ్టన్ స్తంభం, అన్నీ."

"నిజంగానా అత్తయ్యా?" లినెట్ చప్పట్లు కొట్టినంత పని చేసింది.

"చూడండే, ఎవరొద్దన్నారు" అంది ఓపల్. "ముందు గోడ దగ్గరికి వెళ్ళి, తర్వాత మీ ఇష్టం."

"కాదమ్మా. గోడ చివర్లో. అక్కడ జనం తగ్గాక."

"సెలవుల్లో అక్కడ జనం తగ్గుతారా? నువ్వెప్పుడైనా చూశావా?"

డోరీన్ కుళాయి కట్టేసింది.

*

కారులో రెండు గంటల ప్రయాణం. దారంతా మోటారుసైకిళ్ళు, వాటి వెనక రెపరెపలాడే జెండాలు. లినెట్ కిటికీలోంచి ప్రతి ఒక్కరికీ చెయ్యి ఊపింది. గడ్డాల మనుషులు, తోలు చొక్కాల మీద బిళ్ళలు గుచ్చుకున్న ముసలివాళ్ళు, ఆ గోడ దగ్గరికే వెళ్తున్న పాత సైనికులు, వాళ్ళూ తిరిగి చెయ్యి ఊపారు. "వీళ్ళందరూ మన పెళ్ళికి ఊరేగింపు వస్తున్నట్టు లేదూ?" అని గారెట్ చెవిలో అంది. వెనక సీట్లో ఓపల్ ఫక్కున నవ్వింది. డోరీన్ నవ్వలేదు.

ముందు జెఫర్సన్ మందిరం చూశారు. కొలను చుట్టూ నడిచారు. చర్చి నుంచి అడిగి తెచ్చిన చక్రాల కుర్చీలో ఓపల్‌ని గారెట్ తోస్తుంటే లినెట్ పక్కనే నడుస్తూ కనిపించిన ప్రతిదానికీ ఆగింది. నీళ్ళలో తెల్లటి గోపురం నీడ, బాతుపిల్లలు, లెమనేడ్ బండి. తర్వాత వాషింగ్టన్ స్తంభం. తర్వాత రెండో ప్రపంచయుద్ధం ఫౌంటెన్లు. అక్కడ చెట్టు కింద దుప్పటి పరుచుకుని రొట్టెలు తిన్నారు.

"ఇప్పుడు గోడ" అంది ఓపల్ ఒళ్ళోని రొట్టె తునకలు దులుపుకుంటూ.

"కొరియా యుద్ధం విగ్రహాలు చూడలేదుగా ఇంకా" అంది డోరీన్. "లినెట్, అవి చూసి తీరాలి. రెయిన్‌కోట్లు వేసుకున్న సైనికులు, అచ్చం నిజం మనుషుల్లాగే ఉంటారు."

అవీ చూశారు. ఆ తర్వాత లింకన్ మందిరం. కుర్చీ మెట్లెక్కదు కాబట్టి కింద లిఫ్టు దగ్గర పెద్ద వరసలో నిలబడ్డారు. పైన డోరీన్ అక్కడ చెక్కిన లింకన్ ప్రసంగాన్ని ఒక్కొక్క అక్షరమే చదువుతూ కదల్లేదు. మధ్యాహ్నం ఎండ వాలుతోంది. ఓపల్ టోపీ పక్కకి ఒరిగింది, పెదవులు ఎండిపోయాయి.

అత్తగారి తీరు చూసి లినెట్‌కి మొదటిసారి ఏదో తేడాగా అనిపించింది. ఈవిడకి ఇవన్నీ ఎన్నోసార్లు చూసినవే. మరి కొత్తగా చూస్తున్నట్టు ఈ పాకులాట ఎందుకు?

"అమ్మా, నీ మొహం చూడు ఎలా అయిపోయిందో" అంది డోరీన్ వంగి. "ఇంటికి పోదాం. గోడ ఎక్కడికీ పోదుగా. మళ్ళీ వారం నేను తీసుకొస్తా. ఒట్టు."

"మళ్ళీ వారం నేనుంటానని నీకు ఎవరు చెప్పారే?"

"ఏం మాటలమ్మా అవి!"

"పొద్దున్నుంచీ చూస్తున్నా. ఆ మందిరం, ఈ మందిరం అని ఊరంతా తిప్పావు. నేను అలిసిపోవాలనేగా?"

డోరీన్ మొహం తెల్లబోయింది. "పిల్ల చూడలేదని..."

"పిల్ల పేరు చెప్పకు. పిల్ల బాతుల్ని చూసే సంతోషపడింది." ఓపల్ మనవడి వైపు తిరిగింది. "గారెట్, నువ్వు తోస్తావా, నన్ను నడవమంటావా?"

గారెట్ తల్లి వంక చూశాడు, అమ్మమ్మ వంక చూశాడు. "అయిదు నిమిషాల దారి కదమ్మా, చూసేసి పోదాం" అని కుర్చీ తిప్పాడు. డోరీన్ రెండడుగులు వెనకబడి నడిచింది.

*

గోడ దగ్గర దారి కిందికి వాలుతుంది. రెండు వైపులా మాటలు వాటంతటవే తగ్గిపోతాయి. మొదట చీలమండ ఎత్తున్న నల్లరాయి నడిచేకొద్దీ పెరుగుతూ మనిషిని మించిపోతుంది. ఆ రాతి నిండా పేర్లే. అద్దంలాంటి ఆ నునుపులో ఎదురుగా నిలబడ్డవాళ్ళ మొహాలు పేర్ల మీద కనిపిస్తాయి. కింద పువ్వులు, ఫొటోలు, ఎవరో వదిలిన ఒక బేస్‌బాల్ గ్లవ్.

లినెట్ గలగల ఇక్కడ ఆగిపోయింది. కానీ సంతోషం పోలేదు. ఇంటి మనిషి పేరు మొదటిసారి చూడబోతోంది. అమ్మమ్మకి ఏదైనా చెయ్యాలని ఉంది. అక్కడున్న వాలంటీర్ దగ్గర పొడవాటి సన్న కాగితం, మెత్తటి పెన్సిలు తీసుకుంది. పేరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే చెక్కిన అక్షరాలు కాగితం మీద తెల్లగా తేలతాయి. వచ్చినవాళ్ళందరూ చేసేదే అది. ఓపల్ మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. కాగితం ఇంట్లో పెట్టుకుంటే కొడుకు చచ్చిపోయాడని ఒప్పుకున్నట్టే కదా అని ఆవిడ బాధ.

"అమ్మమ్మా, నాకోసం. ఈ ఒక్కసారి. సున్నా చుట్టాక రెండోది చేద్దాం. రెండూ పక్కపక్కన పెట్టుకుందాం" అంది లినెట్.

ఓపల్ ఆ పిల్ల మొహం చూసి మెత్తబడింది. "సరేలేవే. నీ పిల్లలకి చూపిద్దువు గాని."

"వద్దు లినెట్" అంది డోరీన్ వెనక నుంచి. గొంతు సన్నగా, వింతగా ఉంది. "కాగితం నలిగిపోతుంది. ఆ జనంలో ఎందుకు."

అప్పటికే గారెట్ కుర్చీ ఆపాడు. లీలండ్ ఆర్. హాడిక్స్. కుర్చీలో కూర్చున్న మనిషి భుజం ఎత్తులోనే ఉంది పేరు. లినెట్ దాని మీద కాగితం అదిమి, నాలుక కొన బయటపెట్టి చిన్నపిల్లలా రుద్దసాగింది. ఒక్కొక్క అక్షరం పైకి వస్తుంటే ఒళ్ళు పులకరించింది. చివర గుర్తు దగ్గర పెన్సిలు ఆగింది.

"అయ్యో. అమ్మమ్మా, గుర్తు సరిగ్గా రాలేదు. గట్టిగా రుద్దినట్టున్నా. ఉండండి, ఇంకోటి చేస్తా."

రెండో కాగితం పెట్టింది. ఈసారి మెల్లగా, ఊపిరి బిగబట్టి రుద్దింది. మళ్ళీ అదే వచ్చింది. నాలుగు కోణాలతో, లోపల నిండుగా.

"ఇదేంటి, నాకు చేతకావట్లేదు..." అని నవ్వబోయి కాగితం పక్కకి తీసింది. తీసి రాయిని చూసింది. అక్కడ ఉన్నది కూడిక కాదు, డైమండ్.

ఓపల్ అప్పటికే చెయ్యి చాపింది. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. ఇన్నేళ్ళుగా ఆవిడ ఆ గుర్తును వేలితోనే చూస్తోంది. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. వేలు గుర్తు మీద ఆనింది. కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. కోణం దగ్గర తడబడింది.

లినెట్ తల ఎత్తేసరికి నల్లరాతిలో అత్తగారి మొహం కనిపించింది. రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. ఓపల్ కూడా ఆ రాతిలోకే చూస్తోంది.

"డోరీ" అంది ఓపల్. "నీకు తెలుసు."

*

దారి పైన గడ్డిలో ఒక బల్ల ఖాళీగా ఉంటే గారెట్ కుర్చీని అక్కడికి తోసుకొచ్చాడు. ఎవరూ కూర్చోలేదు. దూరంగా బడిపిల్లల గుంపు ఒకటి పసుపు చొక్కాల్లో కేరింతలు కొడుతూ వెళ్తోంది.

"ఎప్పుడు?" అంది ఓపల్.

"పోయిన శీతాకాలం. మొదటి మంచు పడ్డప్పుడు" అంది డోరీన్. "ఆర్మీ మనిషి బడి వంటగదికి వచ్చాడు. నాన్న పోయాక ఆ వ్యవహారాలన్నీ నువ్వే నా పేరు మీద పెట్టించావుగా. రెండేళ్ళ కిందట నా రక్తం తీసుకున్నారు. హెలికాప్టర్ కూలినచోట దొరికినదాన్ని దానితో సరిపోల్చి చూసి, లీలండేనని తేల్చారు."

"అమ్మా! నాక్కూడా చెప్పలేదు" అన్నాడు గారెట్.

"నీకు చెబితే నీ మొహం చూసి అమ్మమ్మ కనిపెట్టేస్తుంది. నీకు దాచడం రాదు."

"నీకు వచ్చుగా" అంది ఓపల్.

ఆ మాటకి డోరీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎలా చెప్పమంటావమ్మా? నువ్వు దాని మీదే బతుకుతున్నావు. డాక్టరు రెండుసార్లు ఆశ వదులుకోమన్నప్పుడు కూడా నువ్వు లేచి కూర్చుని లీలండ్ వస్తే తలుపు ఎవరు తీస్తారన్నావు. ఆ ఒక్క మాట నీకు మిగిలింది. దాన్ని కూడా నా చేతులతో లాక్కోమంటావా? నువ్వు పోతే నాకెవరున్నారు?"

"అందుకని ఊరంతా తిప్పావు."

"మే నెలలో గుర్తు మారుస్తామని ఆ మనిషి చెప్పాడు. ఈ ఏడు ఎలాగోలా దాటిస్తే... వచ్చే ఏటికి..."

"వచ్చే ఏటికి నేను పోతాను కదా అని. అంతేనా?"

"అమ్మా!"

"అను. పరవాలేదు. నేనూ అదే అనుకుంటున్నా చాలాకాలంగా."

లినెట్ గారెట్ చెయ్యి పట్టుకుంది. తన చేతిలో ఆ రెండు కాగితాలు ఇంకా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పొద్దున్నుంచీ తను నవ్విన ప్రతి నవ్వూ ఇప్పుడు గుచ్చుకుంటోంది.

ఓపల్ ఏడవలేదు. చేతిసంచీ పట్టీని వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. చివరికి మాట్లాడినప్పుడు ఆవిడ గొంతు చాలా మామూలుగా ఉంది. అదే భయంగా తోచింది.

"యుద్ధం అయిపోయాక పేపర్లో ఒకడు చెప్పాడు, నీకు గుర్తుందా? అడవుల్లో వెదురు బోనుల్లో ఇంకా మనవాళ్ళని ఉంచారని. నిలబడటానికి కూడా ఎత్తుండదట. ఆ పేపరు చదివిన రోజు నుంచీ మన లీలండ్ ఆ బోనులో ఉన్నాడు. నేను వేడి కాఫీ నోట్లో పెట్టుకుంటే వాడు అక్కడ ఉన్నాడు. వానొస్తే వాడు తడుస్తున్నాడు. నేను శీతాకాలం పల్చటి దుప్పటితో పడుకుంటానని నువ్వు గొణుగుతావు చూడు. మందపుది కప్పుకుంటే నాకు నిద్ర పట్టదే. వాడికి ఏమీ లేదు కదా."

"ఆశ అనుకున్నావా? ఆశ కాదే అది. వాడికి ఇప్పుడు యాభై ఏడేళ్ళు. పళ్ళు ఊడి ఉంటాయి, నడుము వంగిపోయి ఉంటుంది. అమ్మ ఎందుకు రాలేదని అనుకుంటూ ఉంటాడు. నేను లేచి కూర్చున్నది బతకాలని కాదు. నేను పోతే వాణ్ణి తలుచుకునేవాళ్ళు ఉండరని."

"నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?" అంది డోరీన్.

"చిన్నదానివి అప్పుడు. నీ తలలో కూడా ఆ బోను పెట్టడం ఎందుకని."

తల్లి కూతురికి దాచింది. కూతురు తల్లికి దాచింది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ, ఒకరి ప్రాణం ఒకరు కాపాడుతున్నామనుకున్నారు.

"వాడు అప్పుడే పోయాడా?" అంది ఓపల్. "ఆ రోజే?"

"ఆ రోజేనమ్మా. కొండకి తగలగానే. ఏమీ తెలిసి ఉండదని చెప్పాడు ఆ మనిషి."

"బోను లేదు."

"లేదమ్మా. ఎప్పుడూ లేదు."

ఓపల్ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. "పోయిన శీతాకాలం చాలా చలి పెట్టిందే" అంది. "నువ్వు మొదటి మంచు రోజున చెప్పి ఉంటే, ఆ ఒక్క శీతాకాలమైనా నేను వెచ్చగా పడుకునేదాన్ని."

డోరీన్ గడ్డిలో కూలబడింది. తల్లి మోకాళ్ళ మీద మొహం పెట్టి ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు చూసి చూపులు తిప్పుకున్నారు. ఆ చోట ఏడుపు ఎవరికీ కొత్త కాదు. ఓపల్ చెయ్యి కూతురి తల మీదకి రాలేదు. సంచీ పట్టీ దగ్గరే ఉండిపోయింది.

"ఏం దొరికింది?"

"ఒక పన్ను. చేతి ఎముక ముక్క ఒకటి."

"ఏ పన్ను?"

డోరీన్ తలెత్తింది. "అడగలేదమ్మా."

"అడగలేదా!" ఓపల్ కుర్చీలో ముందుకి వంగింది. "ముందుదా, వెనకదా? కిందదా, పైదా? వాడికి ప్రతి పన్నూ ఎప్పుడు వచ్చిందో నాకు తెలుసే. ఒక్కోదానికీ ఒక్కో జ్వరం. రాత్రుళ్ళు ఎత్తుకుని తిరిగేదాన్ని. నన్ను అడిగితే చెప్పేదాన్ని కదా, వాళ్ళకి రక్తమెందుకు!"

ఇక ఆవిడ ఆగలేకపోయింది. ముప్పై అయిదేళ్ళలో కొడుకు పోయాడని ఆవిడ ఏడవడం అదే మొదలు. లినెట్ కుర్చీ పక్కన మోకరిల్లి ఆ ముసలి భుజాలు పట్టుకుంది.

"ఇప్పుడెక్కడున్నాడు?" అంది ఓపల్ ఊపిరి అందాక.

"హవాయిలో. ఆర్మీ ప్రయోగశాలలో." డోరీన్ ఆగింది. "పెట్టెలో పెట్టి ఉంచారు. మనం సంతకం పెడితే పంపిస్తారు. నేను... పెట్టలేదు. పెడితే శవపేటిక ఊళ్ళోకి వస్తుంది, నీకు తెలిసిపోతుందని."

"అంటే వాళ్ళు వెతికి, ఏరి, ఇంటిదాకా తెస్తామంటే మనం వద్దన్నాం."

"వద్దనలేదమ్మా, తర్వాత చెప్తానన్నా..."

"వద్దన్నాం" అంది ఓపల్.

*

కారు దాకా కుర్చీని డోరీన్ తోసింది. గారెట్ చెయ్యి వెయ్యబోతే ఓపల్ వద్దని తల ఊపింది. అది క్షమించడమో శిక్షించడమో లినెట్‌కి అర్థం కాలేదు. బహుశా డోరీన్‌కి కూడా అర్థం కాలేదు. దారి ఎత్తుగా ఉన్నచోట ఆవిడకి ఆయాసం వచ్చింది. అయినా ఆగలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు డోరీన్ వెనక సీట్లో తల్లి పక్కన కూర్చుంది. ఊరు దాటింది, పొలాలు మొదలయ్యాయి, ఎండ పసుపురంగుకి తిరిగింది.

"ఫోన్ చెయ్యి" అంది ఓపల్ ఉన్నట్టుండి. "నేను మాట్లాడతాను. వాడి అమ్మనని చెప్తాను. పంపించమని చెప్తాను."

"ఇవాళ శనివారం అమ్మా. ఎవరూ ఉండరు."

"రేపు?"

"ఆదివారం. సోమవారం సెలవు. మంగళవారం తెరుస్తారు."

"మంగళవారం పొద్దున్నే చేద్దాం. మనం లేవగానే."

గారెట్ అద్దంలోంచి తల్లిని చూశాడు. లినెట్ కూడా వెనక్కి తిరిగి చూసింది. సరేనమ్మా అంటే సరిపోతుంది. ఒక్క చిన్న మాట. ముసలావిడ ఈ రాత్రికి కాస్త నెమ్మదిస్తుంది. డోరీన్ పెదవులు ఆ మాట కోసమే కదిలాయి, లినెట్ చూసింది. ఆ తర్వాత ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది.

"పొద్దున్నే కుదరదమ్మా" అంది. "హవాయిలో మనకంటే చాలా ఆలస్యంగా తెల్లారుతుంది. వాళ్ళు వచ్చేసరికి మనకి మధ్యాహ్నం దాటుతుంది. ఆగాలి."

ముప్పై అయిదేళ్ళు ఆగిన మనిషి ఆ మధ్యాహ్నం దాకా ఆగలేక చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూ చీకట్లో తడుముకుంటున్నట్టు పక్కకి చెయ్యి చాపింది. డోరీన్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఊరుకో అనలేదు. తనూ ఏడ్చింది.